కార్న్‌ఫ్లేక్స్‌లో చక్కెర ఎలా మాన్పించానంటే

మావాడు కార్న్‌ఫ్లేక్స్ మీద మూడు చెంచాల చక్కెర వేసుకునేవాడు, గిన్నె అడుగున మిగిలిన పాలు పాకంలా ఉండేవి. చెంచాకి సుమారు 4 గ్రాములు, అంటే పొద్దున్నే 12, పైగా ప్యాకెట్ వెనక చదివితే అందులో ముందే కలిపి ఉంది! రోజు మొత్తానికి 25 గ్రాముల లోపైతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది పెద్దవాళ్ల లెక్కలో.

ఒక్కసారిగా మానేయమంటే గిన్నె తోసేశాడు. సరే అని వారానికి అర చెంచా తగ్గిస్తూ, మచ్చలు పడేదాకా పండిన అరటిపండు ముక్కలు కలిపాను, చక్కెర డబ్బా టేబుల్ మీంచి తీసి పై అరలో పెట్టేశాను. అసలు గొడవ మా ఆయనతో, చప్పగా ఉందని ముందు మొహం ముడిచింది ఆయనే. ఆరు వారాలకి ఇద్దరికీ సున్నా. ఆదివారం మాత్రం ఇడ్లీ, నెయ్యి, కారప్పొడి.