క్లబ్బు సభ్యులకు బీమా చేయించండి, అమ్మకండి

బరంపురం నుంచి గోపాలపూర్ దాకా ఆదివారం సైకిళ్లు తొక్కేవాళ్లయినా, పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి ఎక్కే జట్టయినా, సభ్యులకు ప్రమాద బీమా ఉండాలని కమిటీ అనుకోవడం మంచిదే. తలకు 300 ప్రీమియం అయితే 450 వసూలు చేసి, మిగిలింది ‘క్లబ్బు ఖర్చులకు’ అని ఉంచుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. ఆ 150తో టెంట్లు కొన్నా, పిల్లలకు హెల్మెట్లు పంచినా అది వ్యాపారపు రాబడే.

ఇలాంటి క్లబ్బులకు 12ఏబీ రిజిస్ట్రేషన్ (ధర్మసంస్థగా పన్ను మినహాయింపు కోసం పాత ఆదాయపు పన్ను చట్టం కింద చేయించుకున్నది) ఉంటే సాధారణంగా ‘ప్రజోపయోగం’ కింద ఉంటుంది. ఆ తరగతికి రెండు షరతులున్నాయి: వ్యాపారం లాంటి పని ఆశయాన్ని నెరవేర్చే క్రమంలోనే జరగాలి, దాని రాబడి ఏడాది మొత్తం రాబడిలో 20% దాటకూడదు. 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలోనూ ఈ 20% గీత అలాగే ఉంది.

ఒక లెక్క చూడండి. 120 మంది సభ్యులు, చందాలు, విరాళాలు కలిపి 2 లక్షలు. బీమాకు తలా 450 చొప్పున వచ్చిన 54,000ను కోశాధికారి మొత్తంగా జమ రాసేశాడు. రాబడి 2,54,000 అయింది, అందులో బీమా వాటా 21.26%. గీత దాటింది, ఆ ఏడాది మినహాయింపు పోయింది. ప్రీమియం 36,000 పోగా మిగిలిన 18,000 మాత్రమే రాస్తే 8.26% వస్తుంది కదా అంటారు. కానీ సైకిల్ తొక్కించడానికీ బీమా అమ్మడానికీ సంబంధం ఏమిటన్న మొదటి ప్రశ్నకు జవాబు దొరకదు. ఆశయంతో సంబంధం లేని వ్యాపారం చేస్తే రిజిస్ట్రేషనే రద్దు కావచ్చు. రద్దయితే క్లబ్బు ఆస్తుల విలువలోంచి అప్పులు తీసేసి మిగిలినదాని మీద గరిష్ఠ రేటున పన్ను పడుతుంది. (అమెరికాలో లాయర్ల ధర్మసంస్థ ఒకటి సభ్యులకు గ్రూపు బీమా చేయించి, మిగులు తనే ఉంచుకుంది. అది వ్యాపారమేనని 1986లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. లాయర్లకే తప్పలేదు.)

‘మాకు 12ఏబీ లేదు, సభ్యుల డబ్బు సభ్యులకే, దానికి పన్నేమిటి’ అన్నా బీమా కంపెనీ క్లబ్బుకిచ్చే కమీషన్ పన్ను నుంచి గట్టెక్కదు. బీమా కంపెనీ సభ్యుడు కాదు, బయటివాడు. బ్యాంకు వడ్డీ విషయంలో 2013లో బెంగళూరు క్లబ్బు సుప్రీంకోర్టులో ఓడింది కూడా, బ్యాంకు ద్వారా ఆ డబ్బు బయటివాళ్ల చేతికి వెళ్లిందన్న తర్కంతోనే.

ఇక సరైన దారి. కంపెనీని లిఖితపూర్వకంగా కొటేషన్ అడగండి. గ్రూపు పాలసీ మీద 18% జీఎస్టీ ఉంటుంది, అది కలిపిన అంకెనే సభ్యులకు చెప్పండి. ఆ అంకెకు మించి ఒక్క రూపాయి తీసుకోవద్దు. ట్రెక్కింగ్‌కు, సైకిల్ పోటీలకు కవరు ఉందో లేదో కాగితం మీదే రాయించుకోండి, ఏజెంటు ఫోన్లో ‘అన్నీ వస్తాయండీ’ అన్నది చెల్లదు. ‘క్లబ్బు కమీషన్, సర్వీసు చార్జీ తీసుకోదు’ అన్న తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఉండాలి.

వీలైతే సభ్యులే కంపెనీకి నేరుగా కట్టాలి. క్లబ్బు ఖాతా గుండా పోవాల్సి వస్తే ‘సభ్యుల ప్రీమియం – చెల్లించవలసినది’ అని అప్పుల వైపు ఖాతా తెరవండి. రసీదు పుస్తకం కూడా వేరే పెట్టండి. కంపెనీకి కట్టిన రోజున ఆ ఖాతా సున్నాకు రావాలి. ప్రీమియం కంపెనీకి ముందుగా చేరితేనే కవరు మొదలవుతుంది. శనివారం వసూలు చేసి సోమవారం కడితే ఆదివారం పడినవాడికి ఏమీ రాదు.

కమిటీలో ఎవరికైనా ఏజెంటు లైసెన్సు ఉంటే కమీషన్ ఆయన సొంత పాన్ మీదే పోవాలి, ఆ తీర్మానంలో ఆయన ఓటు వేయకూడదు. అందులో వాటాను ‘విరాళం’ అని క్లబ్బుకు రాయించుకోవద్దు. ఇప్పటికే క్లబ్బు పాన్ మీద కమీషన్ పడితే దాచి లాభం లేదు, టీడీఎస్ కోసి ఉంటే పన్ను శాఖ దగ్గరుండే మీ పాన్ చిట్టాలో కనిపిస్తుంది. వేరే ఖాతాలో చూపించి, పన్ను కట్టి, ఏర్పాటును లేఖతో ఆపేయండి. రిటర్ను వేయకముందే ఆడిటరుకు చెప్పండి.

‘బీమా ఎందుకు, తలా 200 వేసుకుని ఎవరికేమైనా లక్ష ఇద్దాం’ అనే ఆలోచన ఇంకా ప్రమాదం. ఇంత కడితే ఇంత ఇస్తామని మాట ఇవ్వడమే బీమా వ్యాపారం. దానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దగ్గర రిజిస్ట్రేషన్, 100 కోట్ల మూలధనం కావాలి. చిన్న క్లబ్బయితే సభ్యులను బ్యాంకుకే పంపండి: ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్లవాళ్లకు, ప్రమాద మరణానికి 2 లక్షలు. అందులో క్లబ్బు చేయి పెట్టేదే లేదు.

గ్రూపు పాలసీ జాబితా విషయంలో రెండు జాగ్రత్తలు. బీమా కోసమే బావమరిదినీ పిన్నినీ పది రూపాయల సభ్యులుగా చేర్చొద్దు, బీమా కోసమే కట్టిన గుంపుకు గ్రూపు పాలసీ కుదరదు. రెండోది పేర్లు. మన రిజిస్టర్లలో ఇంటిపేరు ముందుంటుంది, ఒడిశా కాగితాల్లో చాలామందికి వెనక ఉంటుంది. ఆధార్ ముందు పెట్టుకుని అక్షరం అక్షరం అలాగే దించండి.