లైసెన్సింగ్ సంస్థ మూతపడే ముందు సంగీతకారులు తీసుకోవలసిన జాగ్రత్తలు

మన పాటలను షార్ట్ ఫిలింలకు, ప్రకటనలకు, యూట్యూబ్ వీడియోలకు లైసెన్సు మీద ఇప్పించే సంస్థ ఫలానా తేదీ నుంచి సేవలు నిలిపివేస్తున్నామని మెయిల్ పంపగానే చాలామంది మరో సంస్థ కోసం వెతుకులాట మొదలుపెడతారు. ఆ పని నెల రోజులు ఆగి చేసినా నష్టం లేదు. లాగిన్ పనిచేస్తున్నంత కాలంలోనే అక్కడున్న మీ లెక్కలన్నీ బయటికి తెచ్చుకోవడం అంతకంటే అవసరం. పాట మీ దగ్గరే ఉంటుంది గానీ, దాన్ని ఎవరికి, ఏ వాడకానికి, ఎంత కాలానికి, ఎంత ధరకు ఇచ్చారో చెప్పే ఆధారం ఆ సర్వర్‌తోపాటే పోతుంది.

సంస్థ మూతపడినంత మాత్రాన అది అంతకుముందు అమ్మిన లైసెన్సులు సాధారణంగా రద్దు కావు. శాశ్వత లైసెన్సు కొన్న దర్శకుడు ఆ పాటను వాడుకుంటూనే ఉండవచ్చు. ఆ సంగతి తెలియక రేపు అదే పాటను ఒక ప్రకటన సంస్థకు ప్రత్యేక హక్కులతో, అంటే ఇంకెవరికీ ఇవ్వనన్న మాటతో ఇస్తే, మాట తప్పినవారు మీరే అవుతారు. అందుచేత ప్రతి లైసెన్సు ప్రతినీ, మొదటి నెల నుంచి వచ్చిన రాయల్టీ లెక్కలనూ దించుకుని దాచుకోండి. కొన్నవారి పేర్లు డాష్‌బోర్డులో కనిపించకపోతే మెయిల్ రాసి అడగండి.

అప్‌లోడ్ చేశాం కదా అన్న ధైర్యంతో అసలు ఫైళ్లను అశ్రద్ధ చేయకండి. 2003 నుంచి 2015 వరకు మైస్పేస్ అనే సోషల్ మీడియా సైట్‌లో పెట్టిన పాటలు సర్వర్ల మార్పిడిలో పోయాయని 2019లో బయటపడింది. వాటి సంఖ్య 5 కోట్ల వరకు ఉంటుందని అంచనా. మాస్టర్ వేవ్ ఫైలు (పాట తుది రికార్డింగు), స్టెమ్స్ (వాద్యాలు, గాత్రం విడివిడిగా ఉండే ట్రాకులు), గాత్రం లేని ట్రాక్ రెండు వేర్వేరు డ్రైవుల్లో ఉండాలి. ప్రతి రికార్డింగునూ విడిగా గుర్తించడానికి ఇచ్చే 12 అక్షరాల, అంకెల అంతర్జాతీయ కోడ్ ఐఎస్‌ఆర్‌సీని కూడా రాసిపెట్టుకోండి. దాన్ని ఇప్పించింది మూతపడుతున్న సంస్థే అయినా కోడ్ రికార్డింగుకు చెందినది కాబట్టి, కొత్త చోట కూడా అదే ఇవ్వాలి.

డబ్బు విషయంలో మొహమాటం పనికిరాదు. అభిమానుల నుంచి ముందుగా డబ్బు సేకరించి కళాకారులకు ఇచ్చే ప్లెడ్జ్‌మ్యూజిక్ అనే సంస్థ 2019లో కుప్పకూలినప్పుడు, అభిమానులు ఆల్బమ్‌ల కోసం కట్టిన సొమ్ము ఎందరో కళాకారులకు చేరలేదు. చెల్లింపుకు కావలసిన కనీస మొత్తం దాటలేదన్న కారణంగా నిలిచిపోయిన బాకీనైనా సరే, అంకెతో సహా రాసి చెల్లించమని కోరండి. సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్తే గడువులోగా క్లెయిము దాఖలు చేయడానికి ఆ మెయిలే ఆధారమవుతుంది. పాటల రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీలు వసూలు చేసే ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులైతే, అక్కడి మీ రచనల నమోదులో మూతపడుతున్న సంస్థ పేరు పబ్లిషర్‌గా ఉందేమో చూసుకోండి.

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ చిక్కు తెచ్చేది కంటెంట్ ఐడీ, అంటే నమోదైన పాట ఏ వీడియోలో వాడారో యూట్యూబ్ దానంతటదే గుర్తించే వ్యవస్థ. ఆ సంస్థ మీ పాటను అందులో నమోదు చేసి, తొలగించకుండానే మూతపడితే, డబ్బు చెల్లించి పాట తీసుకున్నవారి వీడియోల మీద కాపీరైట్ క్లెయిములు పడుతూనే ఉండవచ్చు, వాటిని విడిపించే మనిషి మాత్రం అక్కడ ఉండడు. అప్పటిదాకా మిమ్మల్ని నమ్మిన పెళ్లి వీడియోగ్రాఫరు మళ్లీ మీ పాట తీసుకోవడానికి జంకుతాడు. అందుకే మూసివేత తేదీకి ముందే నమోదు తొలగించమని రాతపూర్వకంగా కోరి, తొలగించినట్లు జవాబు తెప్పించుకోండి.

ప్రత్యేక హక్కుల ఒప్పందం చేసుకున్నవారు, సేవ ఆగిపోగానే హక్కులు వాటంతటవే తిరిగి వస్తాయని అనుకోకూడదు. సంస్థ తన పాటల జాబితాను మరొకరికి అమ్మే అవకాశం ఉంది. హక్కులు విడిచిపెడుతున్నట్లు సంతకంతో ఒక లేఖ తీసుకోండి. మన కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కుల బదిలీ పత్రంలో గడువు రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అన్నట్లుగా పరిగణిస్తారు. అయితే విదేశీ సంస్థలతో చేసుకున్న ఒప్పందాలకు చాలావరకు ఆ దేశపు చట్టమే వర్తించేలా రాస్తారు కాబట్టి, ఆ షరతు చదివి, అవసరమైతే న్యాయవాదికి చూపించండి.

పాడినవారికి, సాహిత్యం రాసినవారికి, వాయించినవారికి వాటా ఉంటే ఈ కబురు వారికి మీరే ముందు చెప్పండి. కొత్త సంస్థతో ప్రత్యేక హక్కులు లేని ఒప్పందమే మేలు; అది మూతపడితే లెక్కలు ఎన్నాళ్లు అందుబాటులో ఉంచుతారో, బాకీ ఎన్ని రోజుల్లో చెల్లిస్తారో సంతకానికి ముందే రాయించుకోండి.