మధ్యలో 'ల' ఉన్న మాట కావాలా?

గళ్ళనుడికట్టులో మూడు గళ్ళు, నడిమి గడిలో 'ల' మాత్రమే పడిందనుకోండి. నేను అకారాది క్రమం జోలికి పోను. తొలి గడిలో ఒక హల్లు పెట్టి గుణింతం తిప్పుతూ పైకే చదువుతాను: పలక, పిలక, చలవ, చిలక, చెలమ. చెవికి తగిలిందే మాట. తలపు సరిపోతుంది, తలుపు సరిపోదు. ఇక్కడే చాలామంది బోల్తా కొడతారు!

చివర 'ము' తేలితే సున్నా మాటల్ని సాగదీయండి: ఫలం ఫలము, బలం బలము.

పదాల ఫైలులో వెతికేవాళ్ళకో మాట: 'ల' అని కొడితే తలుపు కూడా వస్తుంది, కొమ్ముకు యూనికోడ్‌లో (కంప్యూటర్ అక్షరాలను గుర్తించే సంకేతాల పద్ధతిలో) వేరే సంకేతం కాబట్టి. గడిలో ఒక్కటే అయిన 'స్త్రీ' అక్కడ 6 సంకేతాలు. అందుకే పొడవును బట్టి వడపోయకండి, వచ్చినవాటిని కంటితో ఏరుకోండి.