సామాజిక ప్రాజెక్టులో డబ్బు పెడుతున్నారా? ముందు ఇవి చూడండి

ప్రారంభించిన ఏడాదికే తాళం పడ్డ నీళ్ల ప్లాంటు గురించి మళ్లీ వార్త వచ్చింది. అందరూ కాంట్రాక్టర్‌ని తిడుతున్నారు. ఇలాంటి చాలా కేసుల్లో అసలు తప్పు అంతకుముందే, డబ్బు మంజూరు చేసేటప్పుడే జరిగిపోయి ఉంటుంది.

అనుమతులు, కొటేషన్లు, ఆడిట్ రిపోర్టులు మీరు ఎలాగూ చూస్తారు. వాటి జోలికి పోను.

నిర్వహణ. జనాన్ని ముంచే తప్పు ఇదే: కట్టడానికి ఎంతవుతుందో పైసాతో సహా లెక్కేసి, కట్టాక నెలనెలా నడిపేది ఎవరో అడగకపోవడం. కరెంటు బిల్లు, ఆపరేటర్ జీతం, ఫిల్టర్లు, మోటారు రిపేరు కలిపి నెలకు ఎంత? ఏ ఖాతా నుంచి వస్తుంది? "ఊరివాళ్లే చూసుకుంటారండీ" అన్నది జవాబు కాదు.

ప్లేపంప్ సంగతి గుర్తుందా? పిల్లలు రంగులరాట్నం తిప్పి ఆడుకుంటుంటే బోరు నీళ్లు ట్యాంకులోకి ఎక్కుతాయి. 2010కల్లా ఆఫ్రికాలో 4,000 పంపులు పెట్టాలన్న లక్ష్యంతో 2006లో అమెరికాలో 1.64 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. ట్యాంకు మీద వేసే ప్రకటనల డబ్బుతో రిపేర్లు చేయించాలన్నది ఆ పంపులు పెట్టినవాళ్ల లెక్క. మారుమూల ఊళ్లో హోర్డింగ్ ఎవరు కొంటారు? చాలాచోట్ల అవి ఖాళీగానే ఉండిపోయాయి. పంపు చెడితే నెలల తరబడి అంతే. పిల్లలు ఆడని వేళ ఆ చక్రం తిప్పే పని ఆడవాళ్ల మీద పడింది. చివరికి 2010 నాటికి, పెట్టకుండా మిగిలిన పంపులను మరో సంస్థకు అప్పగించారు. డబ్బు తక్కువై కాదు. నడిపే ఖర్చుకు నమ్మకమైన దారి లేక.

స్థలం. ఎవరి పేరున ఉందో కాగితం చూడండి. నోటిమాటగా ఇచ్చిన స్థలంలో ఇటుక కూడా పెట్టొద్దు. ఇచ్చినాయన మంచివాడే కావచ్చు, రేపు వారసులు వస్తారు.

ఒప్పుదల. మీటింగులో చేతులెత్తారంటే ఒప్పుకున్నట్టు కాదు. డబ్బిచ్చేవాళ్లు ఎదురుగా కూర్చుంటే వద్దని ఎవరంటారు? నిర్వాహకులు పక్కన లేనప్పుడు వెళ్లి అడగండి, ఆడవాళ్లను విడిగా అడగండి. నెలకు కొంత కట్టాల్సి వస్తే కడతారా అన్నది అప్పుడే తేలుతుంది.

ఇక వరసగా చెప్పేస్తున్నా.

ఒక్క మనిషి లేకపోతే ఆగిపోయే సంస్థకు పెద్ద మొత్తం ఇవ్వకండి.

బ్యాంకు ఖాతాకు కనీసం ఇద్దరి సంతకాలు ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు.

విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోండి. దొరకని మెషీన్ ఉచితంగా వచ్చినా వద్దు.

మొత్తం ఒకేసారి ఇవ్వొద్దు. పని చూసి విడత విడతగా ఇవ్వండి.

చివరి విడత, కనీసం కొన్ని నెలలు నడిచాకే.

లాభపడేవాళ్ల సంఖ్య గుండ్రంగా, అందంగా ఉందా? ఎలా లెక్కపెట్టారో అడగండి.

ఇదే పనికి ఇంకెవరైనా డబ్బిస్తున్నారేమో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

నిర్వహణ లెక్క కాగితం మీద లేదా? ఫైలు వెనక్కి పంపండి. "తర్వాత కలుపుతాం" అంటే, కలిపాకే రమ్మనండి.

ఆర్థిక సంవత్సరం అయిపోతోంది, నిధులు మురిగిపోతాయి అన్న టెన్షన్‌తో మాత్రం సంతకం పెట్టకండి.