ఆల్కీన్ నుంచి అమైనో ఆల్కహాల్, 4వ పాఠం: నైట్రోజన్ ఏ కార్బన్ మీదికి?

పోయిన పాఠంలో డైహైడ్రాక్సిలేషన్ చూశాం. ఆల్కీన్‌కు, అంటే కార్బన్‌ల మధ్య ద్విబంధం ఉన్న అణువుకు, ఒకే ముఖం వైపు నుంచి రెండు హైడ్రాక్సిల్‌లు (OH) చేరాయి. ఒక ఆక్సిజన్ స్థానంలో నైట్రోజన్ చేరితే అమైనో ఆల్కహాల్ వస్తుంది. ఈ చర్య పేరు అమైనోహైడ్రాక్సిలేషన్. బీపీకి ఇచ్చే ప్రొప్రనొలాల్‌లో ఉన్నది ఈ అమరికే. రసాయన శాస్త్రవేత్త షార్ప్‌లెస్ బృందం ఈ చర్య అసిమెట్రిక్ రూపాన్ని, అంటే రెండు అద్దపు ప్రతిబింబ రూపాల్లో ఒకటే ఎక్కువగా వచ్చే పద్ధతిని, 1996లో ప్రకటించింది.

ఈరోజు మన ఆల్కీన్ మిథైల్ సిన్నమేట్, ట్రాన్స్ రూపం (ఫినైల్, ఎస్టర్ గుంపులు ద్విబంధానికి ఎదురెదురు వైపుల ఉన్నది). ఒక మిల్లీమోల్, అంటే 162 మి.గ్రా. తీసుకుందాం. ఉత్ప్రేరకం పొటాషియం ఆస్మేట్ 4 మోల్ శాతం (వంద ఆల్కీన్ అణువులకు నాలుగు) అంటే సుమారు 15 మి.గ్రా. చాలు. ఆస్మియాన్ని పట్టుకుని చర్యకు దారి చూపే లిగాండ్ (సింకోనా చెట్టు ఆల్కలాయిడ్‌తో చేసింది, ఇక్కడ ఫ్తాలజీన్ రకం) 5 మోల్ శాతం, దాదాపు 39 మి.గ్రా. క్లోరమైన్-టి మాత్రం మోల్‌లలో ఆల్కీన్‌కు మూడు రెట్లు కావాలి. నైట్రోజన్ ఇచ్చేదీ అదే, వాడిపోయిన ఆస్మియాన్ని మళ్ళీ 8వ ఆక్సీకరణ స్థితికి తెచ్చేదీ అదే. ద్రావణి సగం అసిటోనైట్రైల్, సగం నీళ్ళు. ఇది కాగితం మీది పాఠం. ల్యాబ్‌లో చేసేవాళ్ళు ఫ్యూమ్ హుడ్ బయట ఆస్మియం జోలికి పోవద్దు. దాని టెట్రాక్సైడ్ ఆవిరి కళ్ళను దెబ్బతీస్తుంది.

ఇక బొమ్మ. ద్విబంధంలోని రెండు కార్బన్‌లకు ఆల్ఫా, బీటా అని పేరు పెట్టండి. ఎస్టర్‌ను ఆనుకున్నది ఆల్ఫా, ఫినైల్ వైపుది బీటా. ఫ్తాలజీన్ లిగాండ్ వాడితే నైట్రోజన్ ప్రధానంగా బీటా మీదికి, హైడ్రాక్సిల్ ఆల్ఫా మీదికి వెళ్తాయి. ఆంత్రాక్వినోన్ లిగాండ్ వేస్తే ఈ వరస తారుమారవుతుంది. ఆల్కీన్ మారలేదు, ఆస్మియం మారలేదు, లిగాండ్ ఒక్కటే మారింది. నాకు ఈ చర్యలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

ఎస్వీ యూనివర్సిటీలోనో చిత్తూరు కాలేజీల్లోనో ఎమ్మెస్సీ చదువుతూ నెట్ పరీక్షకు తయారయ్యే పిల్లల నోటుబుక్కుల్లో తప్పు జరిగేది దీని తర్వాతి మెట్టు దగ్గర. డైహైడ్రోక్వినీన్ అనే సింకోనా ఆల్కలాయిడ్ నుంచి చేసిన ఫ్తాలజీన్ లిగాండ్‌తో వచ్చే ఉత్పన్నం 2ఆర్,3ఎస్. ఇక్కడ 2 ఆల్ఫా, 3 బీటా; ఆర్, ఎస్ అనేవి కార్బన్ చుట్టూ ఉన్న గుంపుల ప్రాధాన్య క్రమాన్ని బట్టి దాని అమరికకు పెట్టే అక్షరాలు. క్యాన్సర్ మందు టాక్సాల్ పక్క గొలుసు అమరిక కూడా ఇదే. అక్షరాలు వేరుగా కనబడగానే ‘ఇది యాంటీ చేరిక (ఎదురెదురు ముఖాల నుంచి)’ అని రాసేస్తారు. కాదు, ఇది ఒకే ముఖం నుంచి జరిగే సిన్ చేరికే. ఆల్ఫా కార్బన్ దగ్గర ఎస్టర్‌కు మూడు ఆక్సిజన్‌ల లెక్క పడుతుంది కాబట్టి ప్రాధాన్యంలో అది పక్క కార్బన్‌ను దాటిపోతుంది, అందుకే అక్షరం తిరగబడింది. ద్విబంధానికి రెండు వైపులా ఫినైల్ ఉన్న ట్రాన్స్ స్టిల్‌బీన్‌లో ఎస్టర్ లేదు. అక్కడ అదే సిన్ చేరికకు ఆర్,ఆర్ లేదా ఎస్,ఎస్ వస్తుంది. ముందు బొమ్మ గీయండి, అక్షరాలు ఆఖరున వేయండి.

అభ్యాసం: ఇదే సిన్నమేట్‌కు డైహైడ్రోక్వినిడీన్ (ఇంకో సింకోనా ఆల్కలాయిడ్) ఫ్తాలజీన్ లిగాండ్ వాడితే ఏమొస్తుందో గీయండి. తర్వాత ఆంత్రాక్వినోన్ లిగాండ్‌తో నైట్రోజన్‌ను ఆల్ఫా మీదికి మార్చి, ప్రాధాన్యాలు మళ్ళీ మొదటి నుంచి లెక్కించండి. వచ్చే పాఠంలో ఈ చర్యలో వెంట వచ్చే డయోల్ (రెండు హైడ్రాక్సిల్‌ల అణువు) సంగతి.