ఎడిటర్‌లో ఏ సెట్టింగ్ ఇవ్వాలి, ఏది మనమే తేల్చేయాలి

టెక్స్ట్ ఎడిటర్, అంటే టైప్ చేసుకునే సాఫ్ట్‌వేర్, తయారుచేసేటప్పుడు ఏదైనా విషయం ఎటూ తేలకపోతే "సరే, సెట్టింగ్ పెట్టేద్దాం" అనుకుంటాం చూడండి, అక్కడే ఆగండి. తేల్చాల్సిన పని మనది, దాన్ని వాడేవాళ్ల నెత్తిన పెట్టకూడదు.

ముందు వాడే మనిషి పక్కన ఒక పూట కూర్చోండి. ఒంగోలులో కోర్టు కాగితాలు టైప్ చేసే ఒక అక్క దగ్గర కూర్చున్నాను. "అక్షరాల కాళ్లు తెగిపోతున్నాయి అబ్బాయ్" అని స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించింది. చూస్తే 'స్త్రీ' కింద క్రావడి సగమే కనిపిస్తోంది, వరుసల మధ్య దూరం నేను ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయేట్టు పెట్టాను మరి. 'లైన్ హైట్' అని ఒక సెట్టింగ్ ఇద్దామనిపించింది. కానీ వత్తు తెగడం ఇష్టాయిష్టాల సంగతి కాదు, నా తప్పు. డిఫాల్ట్ మార్చాను, ఆమె సెట్టింగ్స్ పేజీ తెరవాల్సిన పనే పడలేదు.

అదే కీబోర్డ్ సంగతి వేరు. తెలుగు కొట్టడానికి ఒకరికి ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్, ఒకరికి ఆపిల్ అనే లేఅవుట్, ఫోన్‌తో పెరిగిన పిల్లలకి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం. ఏళ్ల తరబడి వేళ్లకి పట్టిన అలవాటు అది, మనం మాన్పించలేం, మాన్పించకూడదు కూడా. ఇది సెట్టింగ్స్ మొదటి పేజీలోనే ఉండాలి. చూపు అందరికీ ఒకేలా ఉండదు కాబట్టి ఫాంట్ సైజు, రంగులు కూడా అంతే.

బ్యాక్‌స్పేస్ దగ్గర నేను చాలా రోజులు నలిగాను. 'స్త్రీ' అంటే కంప్యూటర్ అక్షరాలకి వాడే యూనికోడ్‌లో 6 కోడ్ పాయింట్లు, అంటే 6 విడి ముక్కలు, ఒకసారి నొక్కితే గుడి దీర్ఘం ఒక్కటే పోవాలా, అక్షరం మొత్తం పోవాలా? చివరికి బ్యాక్‌స్పేస్‌తో చివర కొట్టిన ముక్క, డిలీట్‌తో అక్షరం మొత్తం అని తేల్చేశాను. దీనికి సెట్టింగ్ లేదు.

ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని ఫైల్‌లో దాచే పద్ధతి), లైన్ ఎండింగ్స్ (వరుస ముగిసిందని చెప్పే గుర్తు), ఇండెంటేషన్ (వరుస మొదట్లో వదిలే ఖాళీ) మనిషివి కావు, ఫైల్‌వి. ఫోల్డర్‌లో ఇవన్నీ రాసిపెట్టే ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైల్ ఉంటే అది చదివి ఆ ప్రకారం నడుచుకోండి, కొత్త ఫైలైతే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8. గో అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్‌ని సర్దిపెట్టే gofmt అనే పనిముట్టు ఇండెంటేషన్‌కి ట్యాబ్‌లే వాడుతుంది, మార్చుకునే వీలు ఇవ్వదు, అందుకే అక్కడ ట్యాబ్‌లా, స్పేస్‌లా అన్న గొడవ లేదు.

ఇంకో లెక్క: ఆన్, ఆఫ్ స్విచ్‌లు 10 పెడితే 1024 కలయికలు. వాటిలో ఏదో ఒకదాంట్లో మాత్రమే వచ్చే బగ్‌ని పట్టుకోవడం ఎంత నరకమో పడ్డవాళ్లకి తెలుసు.

అరుదుగా కావాల్సినవి ఒక ఫైల్‌లో ఉంచండి, కావాల్సినవాళ్లు అక్కడే మార్చుకుంటారు. మిగిలిన ప్రతి సెట్టింగ్ పక్కనా ఇది ఎవరికి, ఎందుకు కావాలో ఆ అక్కకి అర్థమయ్యేలా ఒక్క వాక్యం రాయండి, రాయలేకపోతే ఆ సెట్టింగ్ తీసేయండి.