దూరపు గురికి ఏ తూటా? రాయలసీమ గాలిలో, ఎండలో ఎంచుకునే పద్ధతి

తూటా సంగతి తర్వాత. ముందు మీరు వెళ్లగలిగే రేంజి పొడవెంతో కనుక్కోండి. 50 మీటర్ల లైను మాత్రమే ఉన్నచోట 600 మీటర్ల తూటా కొని లాభం లేదు. ఆ తర్వాత లైసెన్సు: అందులో రాసిన బోరు (బారెల్ లోపలి కొలత) తప్ప వేరేది కొనకూడదు. రైఫిల్‌కు డబ్బు కట్టకముందే, ఆ బోరుకు అనుమతి ఉందా అని కలెక్టరేట్‌లో అడగండి. కాల్చేసిన తూటాల ఖాళీ కేసుల్లో (ఇత్తడి గొట్టాల్లో) మళ్లీ మందు నింపుకోవడం కొన్ని దేశాల్లో మామూలే. మన దగ్గర లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. కాబట్టి డీలరు దగ్గర ఏడాది పొడుగునా దొరికే తూటాయే మీకు మంచి తూటా.

ఎప్పుడో నెలకోసారి వెళ్లేవారికి .22 ఎల్.ఆర్. (లాంగ్ రైఫిల్ అనే చిన్న బోరు తూటా) చాలు. 100 మీటర్ల దగ్గర అదే దూరపు గురి పాఠాలన్నీ నేర్పుతుంది. 50 మీటర్లకు గురి సరిచేసిన రైఫిల్‌తో 100 మీటర్లకు కాలిస్తే గుండు (తూటా కొసన ఉండి ఎగిరే భాగం) దాదాపు 20 సెం.మీ. కిందికి దిగుతుంది. పావు మినిట్ స్కోపులో (మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) ఒక క్లిక్కుకు అక్కడ 7 మి.మీ. కదులుతుంది కనుక దాదాపు 28 క్లిక్కులు పైకి తిప్పాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. వేగం ఎక్కువైతే గాలికి తక్కువ కొట్టుకుపోతుందని హై వెలాసిటీ డబ్బా కొంటారు. జరిగేది దానికి తలకిందులు. సెకనుకు 380 మీటర్లతో బయల్దేరిన గుండు దారి మధ్యలో శబ్ద వేగం కిందికి దిగుతుంది. శబ్ద వేగం దగ్గర, దాని పైన గాలి నిరోధం చాలా ఎక్కువ, ఆ గీత దాటేటప్పుడు గుండు అదురుతుంది. 320–330 మీటర్ల స్టాండర్డ్ వెలాసిటీ గుండు మొదటినుంచీ శబ్దం కన్నా కిందే ఉంటుంది. గంటకు 16 కి.మీ. పక్కగాలిలో 100 మీటర్లకు స్టాండర్డ్ దాదాపు 12 సెం.మీ. జరిగితే, హై వెలాసిటీ 15 దాకా జరుగుతుంది. అనంతపురంలో ఆషాఢం గాలి అంతకన్నా గట్టిగానే వీస్తుంది. ఆ నెలల్లో తెల్లవారుజామునే వెళ్లండి.

300 మీటర్లు, ఆపైన రేంజి నిజంగా అందుబాటులో ఉంటేనే పెద్ద బోరు ఆలోచించండి. .308 విన్చెస్టర్‌లో 168 గ్రెయిన్ల (సుమారు 11 గ్రాముల) గుండు 600 మీటర్ల దగ్గర అదే పక్కగాలికి 90 సెం.మీ. నుంచి మీటరు దాకా జరుగుతుంది. 6.5 క్రీడ్‌మోర్‌లో 140 గ్రెయిన్ల సన్నని, పొడవాటి గుండు 60–70 సెం.మీ. దగ్గర ఆగుతుంది, భుజానికి దెబ్బా తక్కువే. దాని బారెల్ మాత్రం .308 కన్నా త్వరగా అరుగుతుంది. అరుదుగా కాల్చేవారికి అది లెక్కలోకి రాదు, తూటా దొరకడమే అసలు చిక్కు. .30-06 కూడా .308 గుండ్లే వాడుతుంది (తూటా మాత్రం వేరు), కాస్త వేగం ఎక్కువ, తన్నూ ఎక్కువ. మన దగ్గర ఎక్కువగా కనబడే .315 మొద్దు ముక్కు గుండుతో వస్తుంది. అది గాలిలో వేగం త్వరగా కోల్పోతుంది, దూరపు గురికి పనికిరాదు.

ఎండను తక్కువ అంచనా వేయవద్దు. మే నెలలో కర్నూలులో కారు డిక్కీలో పెట్టిన తూటా చేత్తో పట్టుకోలేనంత కాలుతుంది. మందు వేడెక్కితే లోపలి ఒత్తిడీ, గుండు వేగమూ పెరుగుతాయి. చాలా మందుల్లో ఒక్కో డిగ్రీ వేడికి వేగం సెకనుకు అర మీటరు దాకా పెరుగుతుంది. 15 డిగ్రీల తేడా వస్తే .308 గుండు 600 మీటర్ల దగ్గర సుమారు 8 సెం.మీ. పైకి తగులుతుంది. డబ్బాను నీడలో, మందపు గుడ్డలో చుట్టి ఉంచండి. చాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు) వేడిగా ఉన్నప్పుడు తూటాను లోపల వదిలేయవద్దు.

ఏ బ్రాండు మీ రైఫిల్‌కు నప్పుతుందో కాల్చి చూస్తేనే తెలుస్తుంది. మూడు నాలుగు రకాలు ఒక్కో డబ్బా కొనండి. .22లో బ్రాండు మారినప్పుడల్లా ముందు 15 తూటాలు వృథాగా కాల్చండి, పాత మైనం పోయి కొత్తది బారెల్‌లో పట్టాలి. తర్వాత ఆసరాపై పెట్టి, ఐదేసి తూటాల చొప్పున ఐదు గ్రూపులు కాల్చి, ఒక్కో గ్రూపులో గుళ్లు ఎంత వెడల్పులో పడ్డాయో కొలవండి. ఒక మంచి గ్రూపు చూసి మురిసిపోకండి, ఐదింటి సగటు చూడండి. నప్పినదాన్ని అదే లాట్ నంబరుతో (ఒకే విడతలో తయారైన సరుకు గుర్తు) ఏడాదికి సరిపడా, లైసెన్సు పరిమితి లోపల కొనేయండి. లాట్ మారితే పరీక్ష మళ్లీ మొదటికి.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే నళిక గురి వైపే ఉంచి 30 సెకన్లు ఆగి బోల్టు తీయండి. శబ్దం మామూలు కన్నా తక్కువగా, పుస్‌మని వస్తే రెండో తూటా వేయవద్దు. గుండు బారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు. రైఫిల్ ఖాళీ చేసి, బోల్టు తీసి, బారెల్‌లోంచి వెలుతురు కనబడుతోందా చూడండి, లేదంటే రాడ్ దూర్చి చూడండి.